డిజిటల్ థర్మామీటర్‌ను ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు వాడేటప్పుడు ఎలా శుభ్రం చేయాలి?

ఆశా కార్యకర్త, చింతపల్లి మండలం

అందరికీ నమస్కారం. నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఆశా కార్యకర్తను. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లి చూడాలి. వెళ్లిన ప్రతిసారీ బరువు తూస్తాం, చంకలో థర్మామీటర్ పెట్టి ఒంటి వేడి చూస్తాం. కిట్ సంచిలో ఉన్నది ఒకటే థర్మామీటర్. దానితోనే ఒక పూటలో కొండ మీది రెండు మూడు ఊళ్లు తిరుగుతాను.

శిక్షణలో చెప్పినట్టు పెట్టే ముందు, తీసిన తర్వాత దాని మెరిసే మొనను స్పిరిట్ దూదితో తుడుస్తాను. ఈ మధ్య ఒక ఇంట్లో బాలింత అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "పక్క ఊరి బిడ్డకు ఒంటినిండా చీముపొక్కులట. దీన్ని ఆ బిడ్డకు కూడా పెట్టి వచ్చావు కదా. మరిగే నీళ్లలో వేసి తీసి, అప్పుడు మా మనవడికి పెట్టు" అంది. నేను మరిగించలేదు, ఆమె ఎదురుగా మళ్లీ స్పిరిట్‌తో తుడిచాను. ఆమె ఒప్పుకుంది గానీ, ఆమె అడిగింది సరైన ప్రశ్నే అనిపించింది.

నాకు తెలియాల్సినవి ఇవి. మరిగే నీళ్లలో వేయవచ్చా? మాతో పనిచేసే ఒకామె చిన్న సీసాలో డెటాల్ నీళ్లు పోసి మొన మునిగేలా అందులోనే ఉంచుతుంది, అది మంచిదేనా? స్పిరిట్ అయిపోతే చేతులకు రాసుకునే శానిటైజర్ సరిపోతుందా? మా ఊళ్లలో చాలా ఇళ్లకు ఊట నీళ్లే ఆధారం, వాటితో కడగవచ్చా?

ఇంకో సంగతి. చలికాలం పొద్దున్నే పెడితే అంకె బాగా తక్కువ వస్తోంది. ఒక్కోసారి అంకెకు బదులు ఎల్ అనే ఇంగ్లిషు అక్షరం కనిపిస్తోంది. తెర మీద అంకెలు కూడా వెలిసిపోయినట్టు ఉన్నాయి. పరికరం పాడైందా?

మందుల షాపు, నర్సీపట్నం

స్పిరిట్ గురించి మాత్రం నేను చెబుతాను, మిగతాది నర్సులు చెప్పాలి. సీసా మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా ఇథైల్ ఆల్కహాల్ అని, 70 శాతం అని రాసి ఉందో లేదో చూసి కొనండి. "ఇంకా ఘాటైనది ఇవ్వండి" అని 99 శాతం అడిగేవాళ్లు ఉంటారు. ఆ పనికి అది 70 శాతం దానికంటే తక్కువ. క్రిమి లోపలి ప్రోటీన్లు విరిగిపోవాలంటే ఆల్కహాల్‌కు నీటి తోడు ఉండాలి. పైగా నీళ్లు కలవనిది తుడిచిన వెంటనే ఆరిపోతుంది, క్రిమి మీద నిలవదు.

రంగుల షాపులో వార్నిష్ పలచన చేయడానికి అమ్మే స్పిరిట్‌ను మాత్రం బిడ్డల వస్తువుల దగ్గరకు రానీయకండి. అందులో మిథనాల్ అనే విషం ఉండవచ్చు. దూరం తిరిగేవాళ్లకు ఇంజక్షన్ ముందు వాడే ఆల్కహాల్ స్వాబ్‌ల పెట్టె నయం. ఒక్కొక్కటీ విడిగా సీలు వేసి ఉంటుంది, సంచిలో ఒలకదు.

విశ్రాంత హెడ్ నర్సు, కాకినాడ

అమ్మా, ముందు ఆ అత్తగారికి నా నమస్కారం చెప్పు. బిడ్డ ఒంటికి తగిలే వస్తువు ఎవరి ఒంటి మీద నుంచి వచ్చిందని అడిగే మనిషి ప్రతి ఇంట్లోనూ ఉండాలి. ఉద్యోగమంతా పిల్లల వార్డుల్లోనే చేశాను, ఆ మాట అడిగిన తల్లులు తక్కువ. అడగవలసిన అవసరం మాత్రం ఎప్పుడూ ఉంది.

మరిగే నీళ్లు వద్దు. ఆసుపత్రిలోని ఆటోక్లేవ్ కూడా వద్దు. కత్తెరలు, డ్రెస్సింగ్ గుడ్డలు 121 డిగ్రీల ఆవిరిలో ఒత్తిడి మీద ఉంచుతాం, అవి తట్టుకుంటాయి. డిజిటల్ థర్మామీటర్‌తో వచ్చే కాగితం చూడు. 55 డిగ్రీలనో 60 డిగ్రీలనో, అంతకు మించిన వేడిలో దాన్ని ఉంచనే కూడదని ఉంటుంది. మరిగే నీళ్లలో పడితే లోపలి బ్యాటరీ, తెర, మొనను ప్లాస్టిక్‌కు అతికించిన జిగురు అన్నీ దెబ్బతింటాయి. బయటికి బాగానే కనిపించి తప్పు అంకె చూపిస్తే, అసలు పనిచేయని థర్మామీటర్ కంటే అదే ప్రమాదం.

అంత వేడి దీనికి అవసరం కూడా లేదు. అమెరికాకు చెందిన స్పాల్డింగ్ అనే శాస్త్రవేత్త చేసిన విభజననే నర్సింగ్‌లో ఇప్పటికీ నేర్పుతున్నారు. రక్తంలోకి, శరీరం లోపలికి వెళ్లే పరికరం మీద ఒక్క క్రిమి కూడా మిగలకూడదు. నోటి లోపలిలాంటి తడి పొరలకు తగిలేవి రెండో మెట్టు, తెగని చర్మానికి మాత్రమే తగిలేవి మూడో మెట్టు. నువ్వు చంకలో పెట్టేది మూడో మెట్టుది. దాని మీది మురికి పోవాలి, రోగం తెచ్చే మామూలు క్రిములు చావాలి. 70 శాతం స్పిరిట్ ఆ పని చేస్తుంది, దానికి కావలసిన సమయం నువ్వు ఇవ్వాలి.

చాలామంది తేలిగ్గా తీసుకునేది ఆ సమయాన్నే. మెరిసే మొనను దూదితో ఒకసారి చుట్టి లాగితే తుడవడమైతే అవుతుంది గానీ క్రిమి చావడానికి వ్యవధి ఉండదు. చేతులు కడుక్కున్నాక, చెమటో నూనెపిండో పాల మరకో అంటి ఉంటే మొదట సబ్బు తడితో తుడిచి, మంచినీటి తడితో ఇంకోసారి తుడువు. మురికి పొర కింద ఉన్న క్రిమిని స్పిరిట్ చేరలేదు. మన దగ్గర పసిబిడ్డకు నూనె రాయని ఇల్లు ఉండదు కాబట్టి ఈ సబ్బు అడుగు దాటవద్దు. తర్వాత కొత్త దూదికి స్పిరిట్ బాగా పట్టించి, చేత్తో పట్టుకునే వైపు నుంచి మొన వైపుకు తుడువు. వెనక్కి రానీయకు. మొన తడిగా ఒక నిమిషం ఉండాలి, ముందే ఆరిపోతే ఇంకోసారి తడుపు. ఆ తర్వాత దానంతట అదే ఆరనివ్వు, ఊదవద్దు, చీర కొంగుతో తుడవవద్దు.

ఆరకుండా బిడ్డ చంకలో పెడితే రెండు నష్టాలు. స్పిరిట్ ఆవిరవుతూ మొనను చల్లబరుస్తుంది, అంకె రావడం ఆలస్యమవుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ చర్మం పల్చన, స్పిరిట్ తడికి కందిపోతుంది.

ఇప్పుడు మొన సంగతి పక్కన పెట్టి మిగతా థర్మామీటర్‌ను చూడు. నువ్వు పట్టుకునే భాగం, బటన్, తెర అంచు, దాన్ని పెట్టే ప్లాస్టిక్ డబ్బా. ఒక బిడ్డను ఎత్తుకున్న చేత్తోనే బటన్ నొక్కుతావు. డబ్బాలో నిన్నటి తడి ఉంటుంది. మొనను శుభ్రంగా తుడిచి ఆ డబ్బాలో దోపితే చేసిన పనంతా వృథా. అందుకే ప్రతి బిడ్డ తర్వాత బటన్ నుంచి మొన దాకా పూర్తిగా తుడవాలి. డబ్బాను రోజూ సాయంత్రం సబ్బుతో కడిగి, మూత తీసి ఆరబెట్టాలి. నా వార్డులోకి వచ్చిన ప్రతి కొత్త నర్సుకూ మొట్టమొదట ఇదే చూపించేదాన్ని.

చంకే కదా అని తేలికగా తీసుకోకూడదని ఇంగ్లండులో తెలిసింది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక ఆసుపత్రి నరాల ఐసీయూలో క్యాండిడా ఆరిస్ అనే మొండి శిలీంధ్రం 70 మంది రోగులకు అంటుకుంది. మూలం వెతికితే గోడల మీద, మంచాల మీద పెద్దగా దొరకలేదు. చంకలో పెట్టి, తీసి, ఇంకో రోగికి పెట్టే ఉష్ణోగ్రత ప్రోబ్‌ల మీద దొరికింది. వాటిని పక్కన పెట్టాక కొత్త కేసులు తగ్గాయి. 2018లో ఇది వైద్య పత్రికల్లో వచ్చింది. అక్కడున్నవాళ్లు తీవ్ర రోగులు, ప్రోబ్‌లు గంటల తరబడి ఒంటి మీదే ఉండేవి, నీ పని వేరు. అయినా దారి అదే, చంక నుంచి చంకకు.

డెటాల్ సీసా వెంటనే మానిపించు. అది పాదరసం థర్మామీటర్ల కాలం నాటి అలవాటు. అడుగున దూది వేసిన గాజు సీసాలో యాంటీసెప్టిక్ పోసి థర్మామీటర్లు నిలబెట్టేవాళ్లం. గాజుకు ఏమీ కాదు గానీ ఆ ద్రావణం అప్పుడూ నమ్మదగింది కాదు. పలచన చేసిన యాంటీసెప్టిక్ రోజుల తరబడి ఉంటే బలం పోతుంది. సూడోమోనాస్ జాతి బాక్టీరియా అందులోనే పెరగగలదు. ఎలక్ట్రానిక్ థర్మామీటర్‌కైతే ఎప్పుడూ నానుతూ ఉండడం వల్ల మొన అతుకు దగ్గర నీరు దిగుతుంది. స్పిరిట్‌లో ముందే నానబెట్టిన దూది ఉండల డబ్బా కూడా అంతే. మూత తీసిన ప్రతిసారీ స్పిరిట్ ఎగిరిపోతుంది, రెండో రోజుకు తడి దూది మిగులుతుంది, స్పిరిట్ మిగలదు. పొడి దూది విడిగా, స్పిరిట్ మరమూత సీసాలో విడిగా పెట్టుకో.

శానిటైజర్ గతిలేనప్పుడు వాడవచ్చు. అందులో చేతుల కోసం కలిపిన గ్లిజరిన్ మొన మీద జిగట పొరలా మిగులుతుంది కాబట్టి ఆరాక నీటి తడితో తుడవాలి. అదీ లేకపోతే సబ్బు, కాచి చల్లార్చిన నీళ్లు, శుభ్రమైన పొడి గుడ్డ. ఊట నీటిని కాచకుండా వాడవద్దు. మరిగించాల్సింది ఆ నీటిని, థర్మామీటర్‌ను కాదు. అత్తగారికి కూడా అలా చెప్పు, ఆమె నీళ్లు కాచి ఇస్తుంది, పనిలో ఆమె చెయ్యి కూడా పడుతుంది.

మీ కొండ ఊళ్లలో బాలింత గదిలో కుంపటి ఉంటుంది. స్పిరిట్ సీసా మూత దాని దగ్గర తీయకు. తుడవడం వాకిట్లో చేసి, ఆరాక లోపలికి వెళ్లు.

పసిబిడ్డ తల్లి, విజయవాడ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఇంట్లో చెవిలో పెట్టేది ఒకటి, మామూలుది ఒకటి ఉన్నాయి. మా పాపకు డాక్టరుగారు మలద్వారం దగ్గర చూడమన్నారు. అదే థర్మామీటర్ తర్వాత పెద్దవాళ్లం నోట్లో పెట్టుకోవచ్చా, స్పిరిట్‌తో తుడిస్తే సరిపోతుందా?

విశ్రాంత హెడ్ నర్సు, కాకినాడ

వద్దమ్మా. దానికి వేరే థర్మామీటర్ కొని, పట్టుకునే చోట రంగు టేపు చుట్టి, వేరే డబ్బాలో పెట్టండి. స్పిరిట్ చాలా క్రిములను చంపుతుంది గానీ బాక్టీరియా సిద్ధబీజాలను, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే వాటి రూపాన్ని (స్పోర్లను), చంపలేదు. క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే విరేచనాల బాక్టీరియా ఆ రూపంలోనే వస్తువుల మీద బతుకుతుంది. 1992లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అందరికీ వాడే ఎలక్ట్రానిక్ థర్మామీటర్లు తీసేసి ఒకసారి వాడి పారేసేవి తెచ్చాక ఆ విరేచనాల కేసులు తగ్గాయి. సబ్బుతో రుద్ది కడగడం సిద్ధబీజాలను చంపకపోయినా కొట్టుకుపోయేలా చేస్తుంది, కాబట్టి ఆ థర్మామీటర్‌కు సబ్బే ముఖ్యం, స్పిరిట్ తర్వాత. మొనకు తొడిగే పల్చటి ప్లాస్టిక్ తొడుగు వాడినా, తొడుగు తీశాక తుడవాల్సిందే. తొడుగు చిరిగింది లేనిది కంటికి కనిపించదు.

చెవిలో పెట్టేదాని కొసన చిన్న అద్దం ఉంటుంది. అది చెవి నుంచి వచ్చే వేడి కిరణాలను చూసి అంకె చెబుతుంది. గుబిలి అంటితే తక్కువ చూపిస్తుంది, జ్వరం ఉన్నా లేనట్టు కనిపిస్తుంది. ఇయర్‌బడ్‌కు కొద్దిగా స్పిరిట్ అద్ది సుతారంగా తుడిచి, పూర్తిగా ఆరాక వాడండి. నీటిలో ముంచకూడదు. కంపెనీ తొడుగుతోనే వాడాలని చెప్పిన రకమైతే తొడుగు లేకుండా చూసిన అంకె నమ్మవద్దు.

బయోమెడికల్ టెక్నీషియన్, హైదరాబాద్

హెడ్ నర్సుగారు శుభ్రత గురించి చెప్పాక చేర్చడానికి ఏమీ లేదు. అంకెల గురించి, తెర గురించి నేను చెబుతాను.

ఆ మెరిసే మొన లోపల థర్మిస్టర్ అనే చిన్న పూస ఉంటుంది. వేడెక్కే కొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలిచి చిప్ అంకెగా మారుస్తుంది. పూస ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది. పాడయ్యేది ఎక్కువగా మొన, ప్లాస్టిక్ కలిసే అతుకు. అక్కడ పగులు వచ్చి తడి దిగితే కరెంటుకు అడ్డదారి దొరుకుతుంది, నిరోధం తగ్గినట్టు కనిపించి అసలు కంటే ఎక్కువ వేడి చూపిస్తుంది. అందుకే నెలకోసారి వెలుతురులో ఆ అతుకు చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా, మొన ఊగినా దాన్ని పక్కన పెట్టి కొత్తది అడగండి. నీళ్లలో కడగవచ్చా లేదా అనేది డబ్బా మీద జలనిరోధకం (వాటర్‌ప్రూఫ్) అని ఉందో లేదో చూసి నిర్ణయించాలి. లేకపోతే మొన వరకే తడపాలి, తెర వైపు తడి గుడ్డతో తుడవాలి.

బటన్ నొక్కగానే తెర మీద 188.8 అని ఒక్క క్షణం వస్తుంది. దాన్ని చూడకుండా వదలవద్దు. తెరలోని గీతలన్నీ వెలుగుతున్నాయో లేదో తెలియడానికే అది. 8లో కుడి పై గీత రాకపోతే అది 6లా కనిపిస్తుంది. 38 డిగ్రీల జ్వరం 36 అని చదువుతారు. మీది ఫారెన్‌హీట్‌లో ఉంటే 98 కాస్తా 96 అవుతుంది. మీరు అంకెలు వెలిసిపోయాయంటున్నారు కాబట్టి మొదట దీన్ని చూడండి.

వెలిసిపోవడానికి మామూలు కారణం బ్యాటరీ నీరసించడం. ఎక్కువ వాటిలో ఎల్ఆర్41 అనే చొక్కా గుండీ అంత సెల్, 1.5 వోల్టులది ఉంటుంది. వెనక మూత లాగి, పాతది తీసి, ప్లస్ గుర్తు చూసి కొత్తది వేయండి. మార్చిన పాత సెల్‌ను బాలింత ఇంట్లో వదిలి రావద్దు. పిల్లలు మింగినా, ముక్కులోనో చెవిలోనో దోపుకున్నా గంటల్లోనే లోపలి కండను కాల్చేస్తుంది. అలా జరిగిందని అనుమానం వస్తే చాలు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సెల్ మార్చాక కూడా వెలిసినట్టే ఉంటే తెర ఎండ దెబ్బ తిన్నట్టు. వేసవిలో మూసిన బండి డిక్కీలో, కారు అద్దం కింద పెట్టకండి.

సరిగ్గా చూపిస్తోందా అని పరీక్షించడానికి కొందరు మంచునీటిలో పెట్టమంటారు. ఈ థర్మామీటర్లు 32 డిగ్రీల కింద చదవవు, మంచునీటిలో ఏ అంకె రాదు. దానికి బదులు ఫ్లాస్కులో ఒంటికి గోరువెచ్చగా తగిలే నీళ్లు పోసి, మీది, పీహెచ్‌సీలో ఉన్న ఇంకోటి రెండు మొనలూ పక్కపక్కనే పట్టుకుని నీటిని కలుపుతూ ఉండండి. రెండు అంకెల మధ్య తేడా సెల్సియస్‌లో 0.2, ఫారెన్‌హీట్‌లో 0.4 దాటితే ఏదో ఒకటి తప్పు. మూడోదాన్ని తెచ్చి పెడితే తప్పు ఏదో తేలుతుంది.

చలి సంగతి. పరిసరాల వేడి 10 నుంచి 40 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు వాడాలని చాలా థర్మామీటర్ల కాగితంలో ఉంటుంది. లంబసింగి వైపు డిసెంబరు తెల్లవారుజామున అంతకంటే చల్లగా ఉంటుంది కదా. సంచి అడుగున పెట్టకుండా జాకెట్ లోపలి జేబులో, డబ్బాతో సహా ఉంచుకుని నడవండి. లోపలికి వెళ్లాక కొంచెంసేపు గది వేడికి అలవాటు పడనిచ్చి తర్వాత పెట్టండి.

ఆశా కార్యకర్త, చింతపల్లి మండలం

అందరికీ ధన్యవాదాలు. బ్యాటరీ మార్చించాను, అంకెలు నల్లగా కనిపిస్తున్నాయి. 188.8లో గీతలన్నీ ఉన్నాయి. మొన దగ్గర పగులు లేదు. ఇంకా రెండు అనుమానాలు ఉన్నాయి మేడమ్. చీముపొక్కులున్న బిడ్డకు పెట్టాక అదే రోజు ఇంకో బిడ్డకు పెట్టవచ్చా? ఇక ఆ ఎల్ అక్షరం వస్తే అది చలి వల్లే అనుకుని వదిలేయవచ్చా?

విశ్రాంత హెడ్ నర్సు, కాకినాడ

రెండోదానికి ముందు జవాబు. వదిలేయవద్దు తల్లీ. ఎల్ అంటే మొన దగ్గర వేడి 32 డిగ్రీల కన్నా తక్కువ ఉందని. మొన చంక మధ్యలో ఆనకపోతే వస్తుంది, అంగీ గుడ్డ అడ్డుపడితే వస్తుంది, బిడ్డ ఒళ్లు నిజంగానే చల్లబడిపోతే కూడా వస్తుంది. మొన సరిచేసి, బిడ్డ చేతిని ఒంటికి ఆనించి పట్టుకుని మళ్లీ చూడు. ఈలోపు బిడ్డ పాదాలు, పొట్ట నీ చేత్తో తాకు. అప్పుడే పుట్టిన బిడ్డకు చంకలో 36.5 నుంచి 37.5, అంటే 97.7 నుంచి 99.5 ఫారెన్‌హీట్ ఉండాలి. పాదాలు చల్లగా ఉండి పొట్ట వెచ్చగా ఉంటే చలి మొదలైంది. పొట్ట కూడా చల్లగా ఉంటే ప్రమాదం. 32 కన్నా తక్కువ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అతి తీవ్రమైన చల్లదనం. బిడ్డను తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పి, తలకు టోపీ వేసి 108 పిలువు. థర్మామీటర్ మీద అనుమానం ఉంటే దాన్ని అంబులెన్సు వచ్చాక పరీక్షించుకోవచ్చు.

చీముపొక్కుల బిడ్డను ఆ రోజు చివర చూసేలా దారి పెట్టుకో. ఊళ్ల వరుస వల్ల కుదరకపోతే పొక్కులు లేని వైపు చంకలో పెట్టు. తర్వాత సబ్బు, స్పిరిట్, నిమిషం తడి, ఆరడం అన్నీ పూర్తయ్యాకే తర్వాతి ఇంటికి బయలుదేరు. చేతులు మోచేతుల దాకా కడుక్కో. బిడ్డను తూచిన జోలెగుడ్డను కూడా మార్చాలి, దాని సంగతి ఎవరూ అడగరు గానీ చీము దానికీ అంటుతుంది. ఆ బిడ్డకు పొక్కులు పది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నా, ఒక్కటైనా పెద్దగా ఉన్నా, పాలు సరిగా తాగకపోయినా ఏఎన్ఎంకు చెప్పి అదే రోజు పీహెచ్‌సీకి పంపించు.